సీసాకి చీర కట్టడం

నాంపల్లి స్టేషన్ దగ్గర ఆటో దిగి ఆబిడ్స్ జీపీఓ వైపు నడుస్తూ ఒక్కసారి తలెత్తి చూడండి. చీరల షోరూముల పైన, చెప్పుల దుకాణాల పైన, రెండో అంతస్తు కిటికీలకు అడ్డంగా ఎన్ని బోర్డులో! టాలీ నేర్పుతాం, ఫోటోషాప్ నేర్పుతాం, త్రీడీ యానిమేషన్ నేర్పుతాం, సర్టిఫికెట్ ఇస్తాం. ఇవి తప్పని నేనడం లేదు. వాటిలో నేర్చుకుని బతుకు నిలబెట్టుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. కానీ ఆ మెట్ల దగ్గర నిలబడి, ఫీజు అడిగి, తల దించుకుని కిందికి దిగిపోయే నలభై దాటిన ఆడవాళ్ళ సంగతి ఎవరూ రాయరు. ఈ రోజు ఆ సంగతే.

మా పక్క అపార్టుమెంటులో ఒక వదిన ఉన్నారు. కరివేపాకు కారం, కందిపొడి, నల్లకారం చేస్తారు. రుచి గురించి చెప్పను, చెబితే మీరంతా ఫోన్ నంబరు అడుగుతారు. ఇన్నేళ్ళూ పాలిథీన్ కవర్లో పోసి, పైన పెన్నుతో రాసి ఇచ్చేవారు. ఈ మధ్య ఒక దుకాణం ఆయన "అమ్మా, సీసాలో పెట్టి లేబుల్ వేస్తే నా అరలో పెడతాను, ముందు సీసా ఎలా ఉంటుందో ఒక త్రీడీ ఫోటో పంపండి" అన్నాడట. సీసా ఇంకా కొనలేదు, లేబుల్ ఇంకా అచ్చు వేయలేదు, ఫోటో ఎలా పంపాలి? అచ్చు వేయించాక నచ్చకపోతే కాగితాలన్నీ దండగ. కాబట్టి ఆయన అడిగినది న్యాయమే.

వదిన ఒక ఇన్‌స్టిట్యూటుకి వెళ్ళారు. ఏదో పేరు చెప్పను. మూడు నెలల కోర్సు, ఐదంకెల ఫీజు. "సాఫ్ట్‌వేర్ ఖరీదు కదా బాబూ, ఇంట్లో ఎలా?" అంటే, "అది మీకెందుకు ఆంటీ, మేమే వేసి ఇస్తాం" అన్నాడట అక్కడి అబ్బాయి. వేసి ఇవ్వడం అంటే తాళం పగలగొట్టి ఇవ్వడమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎదురింటి కుళాయికి గొట్టం తగిలించి మా ఇంట్లో నీళ్ళు వస్తున్నాయని మురిసిపోయినట్టు. పైగా ఆ దొంగ కాపీలతో పాటు ఏ వైరస్ ఇంట్లోకి వస్తుందో, మనం బ్యాంకు లావాదేవీలు చేసుకునే కంప్యూటర్లోకే వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటి నుంచి చిన్న వ్యాపారం చేసే ఏ ఆడదీ ఒక సీసా బొమ్మ కోసం ఐదంకెల ఫీజు కట్టనక్కర్లేదు, దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టుకోనక్కర్లేదు, కొడుకునో మేనల్లుడినో పది రోజులు బతిమాలనక్కర్లేదు. గింప్ అని ఒకటుంది. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టనక్కర్లేదు. అందులోనే గుండ్రటి సీసా, ఆరు ముఖాల డబ్బా, ఉండ, అన్నీ త్రీడీలాగా చేసుకోవచ్చు. వదినా నేనూ కలిసి చేశాం. రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా, పిల్లలు వచ్చేలోపు, నాలుగు రోజులు పట్టింది.

"ఊరికే వచ్చేది ఏం బాగుంటుంది?" అని మా వారు అన్నారు. ఈ మాట మీ ఇళ్ళల్లోనూ వినబడుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 1995లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. మరుసటి ఏడాదే జనానికి ఇచ్చేశారు. వాళ్ళు చదువు ముగించి వెళ్ళిపోయాక కూడా అది ఆగలేదు, దేశదేశాల నుంచి ఎవరెవరో చేతులు కలిపి ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నారు. 2025 మార్చిలో 3.0 వచ్చింది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకే రెండర్థాలు ఉండి, వాళ్ళు ఎప్పుడూ తికమక పడుతుంటారు. మనకా ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. గుడిలో ప్రసాదం ఉచితం, కానీ అది ఎలా వండారో అడిగితే చెప్పకపోవచ్చు. స్వేచ్ఛ అంటే వంటా పెట్టి, వండే పద్ధతీ రాసిచ్చి, మీ ఇంట్లో ఉప్పు తగ్గించుకుని వండుకోండి, పక్కింటికీ పెట్టండి అనడం. గింప్ రెండో రకం. మన హైదరాబాదులో ఇదే పని మీద ఏళ్ళుగా ఉన్న సంస్థ పేరు కూడా 'స్వేచ్ఛ' అనే.

డబ్బు కట్టి కొన్నది నమ్మకం అనుకునేవాళ్ళకి ఇంకో సంగతి. ఫోటోషాప్‌లో త్రీడీ చేసే పరికరాలు ఒకప్పుడు చాలానే ఉండేవి. 2021లో ఆ కంపెనీవాళ్ళే వాటిని మెల్లగా తీసేస్తామని ప్రకటించారు. నెలనెలా అద్దె కట్టేవాళ్ళని అడిగి తీయరు కదా. అద్దె ఇంట్లో ఓనరు ఏ గది తాళం వేసుకున్నా మనం చూస్తూ ఊరుకోవాల్సిందే.

ఇక అసలు పని. భయపడకండి, లెక్కలన్నీ మనకి తెలిసినవే.

ఏదైనా గుండ్రటి సీసాకి చుట్టే లేబుల్ విప్పితే దీర్ఘచతురస్రం అవుతుంది. ఎంత పొడుగు? సీసా అడ్డం కొలతని ఇరవై రెండుతో హెచ్చించి ఏడుతో భాగించినంత. బడిలో ఇది చదివి మరిచిపోయాం అనుకుంటాం గానీ, మనం మరిచిపోలేదు. లంగాకి నడుము చుట్టుకొలత తీసి గుడ్డ కత్తిరించేది ఎవరు? గాజుల కొలత చూడండి. రెండూ-నాలుగు గాజు అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంపావు అంగుళాల వ్యాసం. రెండూ-ఆరు అంటే ఇంకో పదహారింట రెండు వంతులు ఎక్కువ. సుల్తాన్ బజారులో గాజులమ్మే ఆవిడ మన చెయ్యి ఇలా నొక్కి చూసి వ్యాసం చెప్పేస్తుంది! ఆవిడకి లేని భయం మనకెందుకు?

వదిన తీసుకున్న సీసా అడ్డం ఏడు సెంటీమీటర్లు. కాబట్టి లేబుల్ పొడుగు సరిగ్గా ఇరవై రెండు సెంటీమీటర్లు. ఎత్తు ఎనిమిది. అంటించడానికి ఒక అర సెంటీమీటరు ఎక్కువ పెట్టుకోవాలి, జాకెట్ కుట్టులో లోపల గుడ్డ వదిలినట్టు, కాకపోతే ఆ వదిలిన చోట అక్షరాలు ఉండకూడదు. గింప్‌లో కొత్త బొమ్మ తెరిచేటప్పుడు కొలతని సెంటీమీటర్లకి మార్చుకోవచ్చు, అంగుళానికి 300 చుక్కలు అని పెట్టాలి. అలా పెడితే ఇరవై రెండు సెంటీమీటర్లకి అడ్డంగా 2598 చుక్కలు, ఎనిమిదికి నిలువుగా 945 చుక్కలు వస్తాయి. చుక్కలంటే మనకి కొత్తా? తెల్లవారుజామున ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టి, ఒక్క చుక్క తప్పితే మొత్తం తుడిచేసే జాతి మనది.

లేబుల్ మీద ఏముండాలి? పేరు, బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ఏమేం వేశారో, శాకాహారమైతే చతురస్రంలో పచ్చ చుక్క, ఆహార భద్రతా సంస్థ వాళ్ళిచ్చే పద్నాలుగు అంకెల నంబరు. తెలుగు అక్షరాల గురించి ఒక మాట. డీటీపీ షాపుల్లో ఇంకా చాలామంది పాత పద్ధతి ఫాంట్లలోనే టైపు చేస్తారు. వాళ్ళ కంప్యూటర్లో బాగానే ఉంటుంది, మన దగ్గర తెరిస్తే పిచ్చిగీతలు. గింప్‌లో మన ఫోన్లో వాట్సప్ సందేశం రాసినట్టే మామూలు తెలుగులో రాస్తే ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కుదురుకుంటాయి. మండలి, సురన్న, రామభద్ర, గురజాడ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. సురన్న సన్నగా, పుస్తకంలో అచ్చులా ఉంటుంది. వదిన రామభద్ర ఎంచుకున్నారు, కారం పొడికి కాస్త బొద్దు అక్షరమే బాగుంటుందని.

లేబుల్ అయ్యాక దాన్ని సీసాకి చుట్టాలి. ఫిల్టర్స్ అనే చోట 'మ్యాప్' అని ఉంటుంది, దానిలో 'మ్యాప్ ఆబ్జెక్ట్'. తెరిస్తే నాలుగు ఆకారాలు అడుగుతుంది. బల్లపరుపు, గోళం, పెట్టె, స్తంభం. మనకి కావాల్సింది స్తంభం, అంటే సిలిండర్. ఎంచుకోగానే మన లేబుల్ దానంతట అదే గుండ్రంగా చుట్టుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు వదిన "అయ్యో, చీర కట్టినట్టే ఉంది!" అన్నారు. నిజమే, అదే పని. పొడుగాటి బల్లపరుపు గుడ్డని ఒంటి ఆకారానికి చుట్టడం. మనం ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా రోజూ చేస్తున్నదే.

ముందు 'బ్యాక్‌గ్రౌండ్ కనబడకూడదు' అనే అర్థం వచ్చే గడికి టిక్కు పెట్టండి, 'కొత్త బొమ్మగా చెయ్యి' అన్నదానికీ పెట్టండి. లేకపోతే అసలు లేబుల్ మీదే పడుతుంది. తర్వాత సీసాని తిప్పుకోవాలి. ఎక్స్, వై, జడ్ అని మూడు గడులు ఉంటాయి. వై గడి కదిపితే సీసా తన చుట్టూ తాను తిరుగుతుంది, పేరు మన ఎదురుగా వచ్చేదాకా తిప్పుకోండి. ఎక్స్ గడి కొద్దిగా కదిపితే ముందుకో వెనక్కో వంగుతుంది. ఈ కొద్ది వంపే అసలు మంత్రం. నిటారుగా ఉంటే లేబుల్ పై అంచూ కింది అంచూ గీత గీసినట్టుంటాయి, బొమ్మ చదునుగానే కనబడుతుంది. పది పదిహేను డిగ్రీలు వంచితే అంచులు విల్లులా వంగుతాయి, సీసా కళ్ళముందు నిలబడుతుంది.

మూత కూడా ఇంకో స్తంభమే, ఎత్తు తక్కువ, చుట్టుకొలత కాస్త ఎక్కువ. మొదటిదాన్ని ఎంత వంచారో దీన్నీ అంతే వంచాలి, లేకపోతే తల ఒకవైపు మొండెం ఒకవైపు చూస్తున్నట్టుంటుంది. మూత పై ముఖానికి వేరే బొమ్మ పెట్టుకునే వీలుంది. వదిన అక్కడ చిన్న కరివేపాకు రెమ్మ పెట్టారు. రెండూ రెండు పొరలుగా ఒకదాని మీద ఒకటి పెట్టేస్తే సీసా తయారు. పొరలంటే లేయర్లు. పూతరేకు పొరల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, దేన్ని కదిపినా మిగతావి చెక్కుచెదరవు.

వెలుగు, నీడ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. త్రీడీ అంతా ఈ రెండింటిలోనే ఉంది. సందె వేళ దీపం పెట్టి దేవుడి గదిలో గంట, చెంబు, కుంకుమ భరిణె చూడండి. దీపం వైపు ముఖం మెరుస్తుంది, అక్కడి నుంచి పక్కకి వెళ్ళేకొద్దీ మెల్లగా చీకటి, మళ్ళీ చివరి అంచులో ఒక సన్నటి వెలుగు, అది గోడ మీంచి తిరిగి పడ్డది. నీడ దీపానికి ఎదురువైపు, వస్తువుకి ఆనుకున్నచోట నల్లగా, దూరం వెళ్ళేకొద్దీ పలచగా. గింప్‌లో దీపం ఎక్కడుండాలో మనమే పెట్టుకోవచ్చు. ఎడమవైపు పైన పెడితే నీడ కుడివైపు కింద గీయాలి. కోడిగుడ్డు ఆకారం గీసి, నలుపు నింపి, గాసియన్ బ్లర్ అనే ఫిల్టర్‌తో మసక చేసి, పొర ముదురుదనం సగానికి తగ్గించి సీసా కింద పెట్టండి. నీడ లేని సీసా గాల్లో తేలుతున్నట్టుంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మే చాలా డబ్బాల ఫోటోలు అలానే తేలుతుంటాయి, ఈసారి గమనించండి.

స్తంభం కంటే తేలిక ఉండ. ముందుగా దాంతోనే చెయ్యి తిప్పుకోండి. వృత్తం గీసి (ఎలిప్స్ పరికరంతో గీస్తూ షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే గుండ్రంగా వస్తుంది), గ్రేడియెంట్‌లో 'రేడియల్' ఎంచుకుని, లేత రంగు నుంచి ముదురు రంగుకి, వెలుగు వైపు నుంచి లాగండి. అయిపోయింది. గోధుమ రంగుతో చేస్తే అచ్చం సున్నుండ. మా అమ్మాయి చూసి, "అమ్మా, నోట్లో వేసుకోవాలనుంది" అంది. చేసిన అసలు సున్నుండలకి ఆ మాట ఎప్పుడూ రాలేదు.

స్వీటు డబ్బాలు చేసేవాళ్ళు 'పెట్టె' ఎంచుకోవాలి. దానికి ఆరు ముఖాలకీ ఆరు బొమ్మలు ముందే తెరిచి ఉంచాలి. మనకి కనబడేవి మూడే కాబట్టి మిగతా మూడింటికీ ఏదో ఒకటి ఇచ్చేసినా పట్టించుకోదు. నేను పట్టించుకోలేదు.

ఇదంతా చదివి "నిజంగా త్రీడీనేనా?" అని ఏ ఇంజినీరింగ్ చదివే అబ్బాయైనా అడిగితే, కాదని చెప్పండి. వాడన్నది సరే. ఇది త్రీడీలా కనబడే బొమ్మ. ఒకసారి ఒకవైపు నుంచి చేశాక వెనక్కి తిప్పి చూపించమంటే చూపించదు, మళ్ళీ చుట్టాలి. నిజంగా అన్ని వైపులా తిరిగే వస్తువు కావాలంటే బ్లెండర్ ఉంది, అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. నెదర్లాండ్స్‌లో టోన్ రోసెండాల్ అనే ఆయన తయారుచేసినది. ఆయన కంపెనీ మూతబడితే, 2002లో జనం చందాలు వేసుకుని లక్ష యూరోలు కట్టి దాన్ని విడిపించుకున్నారు. మన ఊళ్ళో తాకట్టులో ఉన్న గుడి భూమిని ఊరంతా కలిసి విడిపించినట్టు. పిల్లి కథ 'ఫ్లో' సినిమా, లాత్వియా వాళ్ళది, 2025లో ఆస్కార్ తెచ్చుకున్నది, బ్లెండర్‌తోనే తీశారు. మీ పిల్లలకి ఆసక్తి ఉంటే ఫీజు కట్టేముందు ఇంట్లో అది వేసి ఇచ్చి రెండు నెలలు చూడండి. ఆసక్తి నిలబడితే అప్పుడు కట్టండి, నేను వద్దనను. కానీ మనకి, మన సీసాకి, బ్లెండర్ అక్కర్లేదు. కొత్తిమీర కోయడానికి కత్తిపీట చాలు.

ఈ మధ్య ఇంకో మాట వినబడుతోంది. "ఇప్పుడివన్నీ ఎందుకు ఆంటీ, ఏఐకి చెబితే సీసా బొమ్మ చిటికెలో ఇచ్చేస్తుంది." ఇస్తుంది. అందమైన సీసా, పక్కన రాగి గిన్నె, వెనక పల్లెటూరి ఇల్లు, అన్నీ ఇస్తుంది. దాని మీద తెలుగు అక్షరాలు చదవండి. మేం చూసినప్పుడు 'కరివేపాకు' అన్న మాటకి మూడుసార్లు మూడు రకాల రాత వచ్చింది, ఏదీ కరివేపాకు కాదు. అంతకంటే ముఖ్యం, అది మన సీసా కాదు. మనం అమ్మేది ఏడు సెంటీమీటర్ల ప్లాస్టిక్ సీసా, కొన్నవాళ్ళకి చేరేదీ అదే. బొమ్మలో గాజు జాడీ చూపించి ఇంటికి ప్లాస్టిక్ పంపితే ఆ తిట్టు మన పొడికి తగులుతుంది. పేరు ఒకసారి పోతే మళ్ళీ రాదు. ఆబిడ్స్‌కి ఆ పేరు ఎలా వచ్చింది? ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం పేరే. దుకాణం ఏనాడో పోయింది, బోర్డు మీది పేరు మాత్రం పేటకే మిగిలిపోయింది.

"ఇలా అందరూ సొంతంగా చేసుకుంటే డిజైన్ చేసే పిల్లల గతేమిటి?" అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. నా లెక్క ఇది. లోగో, గుర్తు, రంగుల పొందిక, ఇవి తెలిసినవాళ్ళతో చేయించుకోండి, బేరం ఆడకుండా డబ్బివ్వండి. కానీ ప్రతి పొడికీ పేరు మార్చడానికి, వంద గ్రాములు తీసి రెండొందల యాభై రాయడానికి, ధర మారినప్పుడల్లా బొమ్మ మళ్ళీ చేయడానికి వాళ్ళ చుట్టూ తిరగకండి. అవి మన ఇంటి పనులు. డిజైనర్లకీ అవి విసుగే, మెసేజ్‌కి జవాబు రాకపోవడానికి సగం కారణం అదే. అచ్చుకి వెళ్ళేముందు మాత్రం ప్రెస్సు ఆయన్ని అడగండి. గింప్ ముఖ్యంగా తెర మీది రంగుల్లో పనిచేస్తుంది, అచ్చు యంత్రాలు సిరా రంగుల్లో. తెర మీద భగభగలాడే మిరపకాయ ఎరుపు కాగితం మీద కొంచెం వాడినట్టు వస్తుంది. ఒక్క కాగితం నమూనా అచ్చు తీయించి, చూసి, తర్వాతే వెయ్యి కొట్టించండి.

అసలు అడ్డంకి డబ్బూ కాదు, ఇంగ్లీషు మెనూలూ కాదు అని నేననుకుంటాను. ఇంట్లో కంప్యూటర్ ఎవరిది అన్నదే. పిల్లల చదువుకి కొన్నాం, ఆయన ఆఫీసు పనికి వాడతారు. మనం దాన్ని రోజూ తుడుస్తాం, దాని మీద గుడ్డ కప్పుతాం, ముందు కూర్చోం. కూర్చుంటే "ఏం చేస్తున్నావు?" అనే ప్రశ్న వస్తుంది. టీవీ ముందు రెండు గంటలు కూర్చుంటే ఎవరూ అడగరు, గమనించారా? వదిన మొదటి రోజు మా ఇంటికి వచ్చి నేర్చుకున్నారు, వాళ్ళ ఇంట్లో అయితే అత్తగారు అడుగుతారని. మూడో రోజు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారు అడిగారు. సీసా చూపించాం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఇది మన కారమేనా? ఎప్పుడు సీసాలో పోశావు?" అన్నారు. ఇంకా పోయలేదంటే నమ్మలేదు.

ఈ పని ఒక్కొక్కరం ఇంట్లో కూర్చుని చేసుకోవడమే కాకుండా, బయట కూడా నేర్పాలని నా కోరిక. చోటు కూడా చెబుతాను. నాంపల్లి నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు బాగే ఆమ్‌లో మొదలుపెట్టిన ప్రదర్శన, 1946లో ఇప్పటి మైదానానికి వచ్చింది. జనవరి ఒకటిన మొదలై నలభై ఆరు రోజులు నడుస్తుంది. ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతున్నారు. వాటిలో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ ఆవరణలోనే ఉన్నాయి. ఆ గేటు లోపల చదువుకుంటున్న ఆడపిల్లలు ఉన్నారు, అదే గేటులోంచి ఏటా పచ్చళ్ళు, పొడులు, అప్పడాలు అమ్మే ఆడవాళ్ళు వస్తారు. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే? నాలుగు కంప్యూటర్లు, వాటిలో గింప్, "మీ సీసా కొలత చెప్పండి, లేబుల్ చుట్టి చూపిస్తాం, ఎలా చుట్టాలో నేర్పిస్తాం" అని ఒక బోర్డు. జాయింటు వీల్ దగ్గర నిలబడే జనంలో పదో వంతు వచ్చినా చాలు. మెప్మా వాళ్ళు పొదుపు సంఘాల మహిళలకి ఇచ్చే శిక్షణల్లోనూ ఇది చేర్చవచ్చు. కుట్టుమిషన్ ఇచ్చినప్పుడు కుట్టు నేర్పుతారు. వ్యాపారం చెయ్యమని అప్పు ఇప్పించినప్పుడు, సరుకుని కొనేవాడి కంటికి ఎలా చూపించాలో కూడా నేర్పాలి కదా.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో గ్రాఫిక్స్ పుస్తకాలు దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్ పేరు పాతదైనా పర్వాలేదు, వెలుగు నీడల అధ్యాయం ఉంటే తీసుకోండి. దీపం పక్కన చెంబు నీడ ఏ వెర్షన్‌లోనూ మారదు.

మొదలుపెట్టేవాళ్ళకి ఒక్క జాగ్రత్త. పని దాచేటప్పుడు ఫోటోగా మాత్రమే దాచకండి. ఎక్స్‌సీఎఫ్ అనే గింప్ సొంత ఫైలుగా కూడా దాచుకోండి, పొడి పేరు, తేదీ పెట్టి. అందులో పొరలన్నీ విడివిడిగా ఉంటాయి కాబట్టి కరివేపాకు తీసి కందిపొడి రాయడానికి పది నిమిషాలు చాలు. వదిన దగ్గర ఇప్పుడు మూడు పొడులకి మూడు ఫైళ్ళున్నాయి. నాలుగోది నిన్న మొదలైంది. అత్తగారు లేబుల్ మీద తేదీ అక్షరాలు చిన్నగా ఉన్నాయి, కళ్ళజోడు లేకుండా కనబడటం లేదు అన్నారట. ఆవిడ మాటే నిజం. కొనేవాళ్ళలో సగం మంది ఆవిడ వయసు వాళ్ళే. కాబట్టి మూడు ఫైళ్ళూ మళ్ళీ తెరిచి తేదీ పెద్దది చేస్తున్నారు.